పట్టుకునే చెయ్యి

"ఏమే! వచ్చి పట్టుకో!"

మిషనక్క కాలు ఆగింది. సూది గుడ్డలో దిగి ఉండగానే చక్రం మీద అరచెయ్యి వేసి ఆపింది. కోటు కాలరు సగం తిరిగింది. ఇంకో బెత్తెడు కుడితే అయిపోయేది. ఇలా మధ్యలో లేస్తే మళ్లీ ఆ వంపు దొరకదు. దొరికినా అతుకేసినట్టు కనపడుతుంది. అది కుట్టేవాళ్లకు తెలుస్తుంది గానీ పిలిచేవాళ్లకు తెలియదు.

"ఈ వంపు తిప్పి వస్తా."

"వంపులు తర్వాత తిప్పుకో. ఇక్కడ నా చేతులు పడిపోతున్నాయి! నీకేం పని?"

నీకేం పని! ఒళ్లో కోటు ఉంది, కాళ్ల దగ్గర ఇంకా కుట్టాల్సిన కోట్ల గుట్ట ఉంది, మెడలో టేపు వేలాడుతోంది. అయినా నీకేం పని. వీధి మొత్తం ఆమెను మిషనక్క అంటుంది, మొగుణ్ణి డ్రైవరు అంటుంది. ఇద్దరికీ పేరు పెట్టింది వాళ్ల పనే. ఇంట్లో మాత్రం ఆయన బండి నడిపితే డ్యూటీ. ఆమె మిషను తొక్కితే ఇంట్లో కూర్చున్నట్టు.

లేచింది. వసారాలో చెప్పుల వరసకీ నీళ్ల డ్రమ్ముకీ మధ్య ఇరికించిన మిషను మీద పాత తువ్వాలు కప్పింది. కప్పకపోతే వీధి దుమ్మంతా తెల్ల కోట్ల మీదే. ఆ మిషను ఉండాల్సింది అక్కడ కాదు. ఇంటి ముందు వీధిలోకి తెరుచుకునే రేకుల షెడ్డు ఉంది. మొన్నమొన్నటి దాకా అందులో ఆమె మిషను, కత్తిరింపు బల్ల, గోడకు నిలువుటద్దం, కొలతలకు వచ్చిన ఆడవాళ్ల కోసం మూలన తాడు మీద తెర ఉండేవి. ఇప్పుడు బల్ల కాళ్లు పైకెత్తుకుని పెరటి గోడకు ఆనుకుని ఉంది. షెడ్డులో కప్ప కూర్చుంది.

కప్ప అంటే కారు. పొట్ట నేలకానించి, రెండు దీపాలూ కళ్లలా ఉబ్బించుకుని కూర్చునే ఎర్రటి స్పోర్ట్స్ కారు. ఆ పేరు వీధి పెట్టింది. డ్రైవరు పనిచేసే ఇంట్లో యజమాని కొడుకు దాన్ని తోలి తోలి మొహం మొత్తి, "నువ్వే తీసుకుపో" అని తాళం విసిరాడు. ఊరికే ఎందుకు ఇచ్చాడో ఇంటికి తెచ్చాక అర్థమైంది. పైకప్పులో జరిగే అద్దం సగం తెరుచుకుని, ఒక పక్క ముందుకీ ఒక పక్క వెనక్కీ వంకరపోయి ఇరుక్కుంది. మూసుకోదు, తెరుచుకోదు. అద్దం కింద ఎండ తగలకుండా ఉండే షేడు గుడ్డ ఊడి, సీట్ల మీదికి గబ్బిలంలా వేలాడుతోంది.

పైన మూత పడని బండికి నీడ కావాలి. కాబట్టి మిషనక్క నీడ బండికి పోయింది.

"పైన పరదా కప్పి బయట పెట్టొచ్చుగా?" అని మొదటి రోజే అడిగింది.

"గాలికి పరదా కొట్టుకుంటే రంగు గీసుకుపోతుంది. రూఫు బాగయ్యేదాకేనే! బాగైన రోజే బండి బయట, నీ మిషను లోపల. మాట."

ఆ మాట పట్టుకునే ఆమె వసారాలో కూర్చుంది. ఆ మాట పట్టుకునే ఇప్పుడు తలుపు తెరిచి, నడుము వంచి, కప్ప నోట్లోకి దూరింది.

"అక్కడ పట్టుకో. అక్కడ కాదు, అక్కడ! కదలకు."

చేతులు పైకెత్తి అద్దం అంచును మోస్తూ నిలబడింది. నిలబడింది అంటే నిలబడలేదు. ఆ బండిలో నిలబడే చోటు లేదు, కూర్చునే తీరూ లేదు. మోకాళ్ల మీద సగం లేచి, మెడ ఒక పక్కకు విరిచి ఉండాలి. డ్రైవరు స్క్రూలు విప్పుతున్నాడు. ఒక్కో స్క్రూకీ ఒక్కో బూతు. బూతులు అయిపోయినా స్క్రూలు అయిపోలేదు.

"అక్కా! ఉన్నావా?"

బయట నర్సు గొంతు. ఆస్పత్రి వార్డు కోట్లన్నీ తెచ్చి ఇచ్చింది ఆ అమ్మాయే. మిషనక్క కదలబోయింది.

"కదలకన్నానా!"

కదలకుండానే అరిచింది. "ఇక్కడున్నా! బండిలో!"

నర్సు షెడ్డు గుమ్మంలోకి వచ్చి, అద్దం మోస్తున్న రెండు చేతుల్నీ, వాటి మధ్య ఇరుక్కున్న మొహాన్నీ చూసింది. నవ్వాలో జాలిపడాలో తేల్చుకోలేకపోయింది.

"అక్కా, కొలతలు ఎక్కడ తీస్తావ్? వసారాలోనా? వీధి మధ్యలో మేం చేతులెత్తి నిలబడాలా?"

"లోపల గదిలో తీస్తాలే."

"లోపల మీ అత్త మంచం. మీ ఆయన చొక్కా లేకుండా అటూ ఇటూ తిరుగుతాడు. నేనొక్కదాన్నైతే సర్దుకుంటా. వార్డంతా రావాలి కదా! పాతది విప్పాలి, కొత్తది తొడిగి చూడాలి." కాస్త గొంతు తగ్గించింది. "బజారు టైలరు తలుపున్న గది కట్టించాడంట. మా పెద్ద నర్సు అటే పోదామంటోంది. నేనే ఆపా. ఈ వారంలో చోటు చూపించక్కా. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు."

"చూపిస్తా. రూఫు అయిపోవచ్చింది."

డ్రైవరు అప్పుడే స్క్రూ జారవిడిచాడు. అది టంగుమని మోగి, సీటు కిందికి దొర్లిపోయింది.

"మాటల్లో పెట్టి నా పని చెడగొడుతున్నారు ఇద్దరూ" అన్నాడు. నర్సు వెళ్లిపోయింది. స్క్రూ వెతకడానికి మిషనక్క చెయ్యే సీటు కింద పట్టింది.

మర్నాడు అద్దం ఊడి వచ్చింది. ఇద్దరూ చెరో పక్కా పట్టి పైకెత్తి, ఇంట్లోకి మోసుకొచ్చి, అత్త మంచం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు.

"నాకు జ్వరమొచ్చినప్పుడు ఈ దుప్పటి ఎక్కడుందిరా?" అంది అత్త, గోడ వారకు జరిగి కూర్చుని.

"అమ్మా, అది అద్దమే. జాగ్రత్తగా చూసుకోవాలి."

"నేను గుండ్రాయిని కామోసు."

అద్దం పోయాక షేడు పలకను పైనుంచే వెనక్కి లాగి తీశారు. పలుచటి అట్టలాంటి పలక. దాని మీద గుడ్డకీ అట్టకీ మధ్య ఉన్న స్పాంజి ఎండకు మాడి పొడైపోయింది. డ్రైవరు చాకుతో గీకుతుంటే పలకను మిషనక్క పట్టుకుంది. పచ్చటి పొడి లేచి ఆమె కళ్లల్లో, ముక్కులో, నోట్లో పడింది. తుమ్మొచ్చింది.

"కదలకు!"

"తుమ్ముని కదలకుండా ఎట్లా తుమ్ముతారయ్యా? నేర్పు, నేర్చుకుంటా."

అత్త లోపల్నుంచి కిసుక్కుమంది. డ్రైవరు గీకుడు ఆపలేదు.

గుడ్డ పని వచ్చేసరికి మాత్రం ఆమె పలక లాక్కుంది. "ఇది నాది. నువ్వు పక్కకు జరుగు." బూడిద రంగు గట్టి గుడ్డ తీసింది. వసారా గచ్చు మీద పరిచి, పలకను బోర్లించి, సుద్దముక్కతో గీత గీసింది. చుట్టూ వేలెడు వదిలి కత్తిరించింది. ఆ వేలెడునూ లోపలికి మడిచి, ఇస్త్రీ పెట్టి, మిషను మీద చుట్టూ కుట్టు వేసింది. జిగురు పూసి, మధ్య నుంచి అంచులకు అరచేత్తో నిమురుతూ అతికించింది. ఎక్కడా ఒక్క ముడత లేదు. అత్త కూడా తడిమి చూసి, "నా దిండుకి ఇట్లాంటి గలేబు ఒకటి కుట్టవే" అంది.

జిగురు ఆరాక పలకను రూఫు పట్టాల సందులో పెట్టి తోశారు. సగం దాకా పోయింది. ఆగింది. డ్రైవరు ఇంకాస్త గట్టిగా తోశాడు. కిర్రుమంది. వెనక్కి రాలేదు, ముందుకు పోలేదు. గుద్దాడు. ఇంకా బిగిసింది.

"ఏం చేశావే దీన్ని?"

మిషనక్క తల దూర్చి, సందు మీద వేలుపెట్టి చూసింది. వేలికే తెలిసింది. మడిచి కుట్టిన అంచు. గుడ్డ మీద గుడ్డ, దాని మీద దారం. ఆ సందు పలకకు పలుచటి గుడ్డ చుట్టడానికి చేసింది. చొక్కాకి చేసినట్టు అంచు కట్టే ముచ్చటకు అందులో చోటు లేదు.

"మడత ఎక్కువైంది" అంది.

"తెలిసిన పని ఇస్తేనే ఇదీ సంగతి. తెలియని పని ఇస్తే బండే ఉండేది కాదు!"

అదొక్కటీ ఆమె తప్పే. ఇద్దరూ పీకి పీకి పలకను బయటికి తీశాక, వసారాలో కూర్చుని తను వేసిన కుట్టు తనే విప్పింది. పచ్చి అంచును పలక చివరికి సమంగా కత్తిరించింది. మిషను పట్టిన నాటి నుంచి ఏ గుడ్డ అంచునూ మడవకుండా వదలలేదు. పిల్లని గుండీలు పెట్టకుండా వీధిలోకి పంపినట్టు చెయ్యి ముడుచుకుపోయింది. అయినా కత్తిరించింది.

ఈసారి షేడు సర్రుమని పోయింది. సర్రుమని వచ్చింది. డ్రైవరు దాన్ని ముందుకీ వెనక్కీ లాగుతూ, తలెత్తి నవ్వాడు. నవ్వింది షేడుతో. "మెత్తగా పోతోంది చూడు!" అన్నాడు. అదీ షేడుతోనే.

మిషనక్క చేతులకు అంటిన జిగురు గీక్కుంటూ వసారాకి పోయింది. ఆ పూట కోట్లు అంగుళం కూడా ముందుకు సాగలేదు.

షేడు పీడ వదిలింది, అద్దం పీడ మిగిలింది. అద్దాన్ని మళ్లీ బిగించారు గానీ, మీట నొక్కితే మళ్లీ అదే వంకర. లోపల మోటారు ఉంటుంది. దాని పళ్ల చక్రం రెండు కేబుళ్లను లాగుతుంది. ఒక కేబుల్ అద్దాన్ని మోసే ఎడం పక్క జారుడుముక్కనీ, ఒకటి కుడి పక్క జారుడుముక్కనీ లాగుతుంది. ఎప్పుడో ఎవరో మొరటుగా నొక్కినప్పుడు ఒక పక్క పళ్లు జారిపోయాయి. అప్పటి నుంచి ఒక పక్క ముందు, ఒక పక్క వెనక. ముందు మోటారు ఊడదీయాలి. రెండు పక్కల్నీ చేత్తో సమంగా తోసి అద్దం మూయాలి. అప్పుడు మోటారు బిగించాలి. ఇంతే పని. డ్రైవరు తన స్నేహితుడైన మెకానిక్కుని అడిగి తెలుసుకుని వచ్చాడు. ఇంతే పని అని ఆ మెకానిక్కు కూడా అన్నాడట. వచ్చి చెయ్యమంటే మాత్రం రాలేదు. డ్రైవరే మోటారు ఊడదీశాడు.

జారుడుముక్కకి చిన్న కొక్కెం ఉంది. ఒక చేత్తో దాన్ని కిందికి అదిమి ఉంచాలి, ఇంకో చేత్తో తొయ్యాలి. అంటే ఒక్కో పక్కకీ ఒక మనిషి. ఆయన డ్రైవరు సీటులో, ఆమె పక్క సీటులో.

"ఊఁ, తొయ్యి!"

తోశారు. ఆయన పక్క ముందుకు దూకింది. ఆమె పక్క వెనకబడింది. అద్దం వంకర తిరిగి బిగుసుకుంది.

"వెనకబడుతున్నావ్! బలం పెట్టు!"

మళ్లీ వెనక్కి తెచ్చారు. మళ్లీ తోశారు. ఆమె బలం పెట్టింది. ఆయన ఇంకా పెట్టాడు. మళ్లీ వంకర.

"అన్నం తినట్లేదా?"

"నీకు పెట్టిన తర్వాత మిగిలితే తింటున్నా."

ఆయన మెడ నరాలు ఉబ్బాయి. చెమట కనుబొమల మీంచి కారి స్టీరింగు మీద పడుతోంది. తుడిచింది స్టీరింగుని. మొహాన్ని కాదు. మళ్లీ, మళ్లీ. ప్రతిసారీ తప్పు ఆమె పక్కనే తేలేది. ఎందుకంటే వెనకబడిన పక్క ఆమెది. ఎవడు ముందుకు ఉరికితే వాడి లెక్కే లెక్క. వాడితో సమంగా ఉరకని వాళ్లంతా వెనకబడినవాళ్లే. లోకం కూడా ఈ లెక్కతోనే నడుస్తోంది, కప్ప రూఫు నడవకపోతే ఆశ్చర్యమా!

చివరికి ఆమె చేతులు దించేసింది. "ఇట్లా కాదు. నేను చెప్పినప్పుడు తొయ్యి. చెప్పినంతే తొయ్యి."

"నువ్వు చెప్పేదేంటి?"

"మిషను తొక్కేటప్పుడు కాలు ఉరికిందనుకో, గుడ్డ పోగుబడుద్ది. గుడ్డ ఎంత పోతే కాలు అంత. నీ వేళ్లకి ఏమీ తెలియట్లేదు, నువ్వు భుజంతో తోస్తున్నావ్. వేలితో తొయ్యి. ఇప్పుడు... కొంచెం. ఆగు. ఇప్పుడు... కొంచెం. ఆగు!"

ఆయన విసుక్కుంటూనే విన్నాడు. విన్న కొద్దీ విసుగు తగ్గింది. అద్దం ముక్కుసూటిగా, చీమ నడిచినట్టు జరిగింది. సగం దాటింది. పైన్నుంచి వెలుతురు సన్నబడుతూ వచ్చి అరచేయంత మిగిలింది. డ్రైవరు తల వెనక్కి వాల్చి ఆ అరచేయంత ఆకాశాన్ని చూశాడు.

"మా యజమాని కొడుకు ఏ బండెక్కినా వెనక సీటులో కూర్చుని ఇదే చెప్పేవాడు, రూఫు తెరువు అని. తెరిచేవాణ్ణి. రోడ్డు మీదే నా చూపు. ఒక్కసారీ పైకి చూళ్లేదు" అన్నాడు. గొంతు మెత్తబడింది. "ఇంత కష్టపడి బాగుచేసుకున్నాం. దీన్ని బయట ఎండలో పెట్టడానికి మనసొప్పట్లేదే. రంగు వెలిసిపోద్ది. పోయేవాడు పోకుండా మేకుతో గీస్తాడు. షెడ్డులోనే ఉండనీ. నీకు వసారా అలవాటైపోయిందిగా!"

మిషనక్క వేళ్లు కొక్కెం మీద ఉన్నాయి. అరచేయంత సందు. ఇంకో రెండు "ఇప్పుడు"లు అంటే మూసుకునేది.

వేళ్లు తీసేసింది.

కొక్కెం టక్కున లేచింది. డ్రైవరు తోస్తూనే ఉన్నాడు. ఆయన పక్క ముందుకు ఉరికి, అద్దం మళ్లీ వంకరపోయింది.

"ఏంటిది? పట్టుకో!"

"పట్టుకోను."

"ఏమైంది?"

"మాటన్నావ్. బండి బయట, మిషను లోపల అన్నావ్. బండి బయటికి పోయాక పిలువు. వచ్చి పట్టుకుంటా."

తలుపు తీసుకుని దిగింది. బిగుసుకున్న మోకాళ్లను అరచేతులతో రుద్దుకుంటూ వసారాకి పోయి మిషను మీది తువ్వాలు దులిపింది. డ్రైవరు అరిచాడు. అరుపులో ఇల్లాలు, ఇల్లు, సంసారం, వీధిలో పరువు అన్నీ వచ్చాయి. ఆమె కాలు మిషను మీద ఆడుతూనే ఉంది. ఆయన గొంతు పెరిగితే మిషను చప్పుడూ పెరిగింది.

తర్వాతి రోజు డ్రైవరు ఎదురింటి వడ్రంగిని పట్టుకొచ్చాడు.

"చెక్క కాకపోతేనేం అన్నా, తోసేదేగా" అంటూ వడ్రంగి పక్క సీటులో దూరాడు. దూరడమే పెద్ద పని. పొట్ట లోపలికీ కాళ్లు బయటికీ. కొక్కెం మీద బొటనవేలు పెడితే కొక్కెమే కనపడలేదు.

"ఊఁ!" అన్నాడు డ్రైవరు.

"ఊఁ!" అన్నాడు వడ్రంగి.

ఇద్దరూ ఎద్దుల్లా తోశారు. లోపల ఏదో టప్పుమంది. ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. వడ్రంగి మెల్లిగా చెయ్యి తీసి, టార్చి వేసి చూశాడు. విరగలేదు, విరగబోయి ఆగింది.

"అన్నా, ఇంకోసారి తోస్తే ఇది నీ బండి కాదు, నా పొయ్యిలోకి చితుకులు." దిగుతూ వసారా వైపు చూశాడు. "వదినా, నువ్వే రావాలి. మా ఇద్దరిదీ ఒకటే మొరటు."

"నాకు పనుంది తమ్ముడూ" అంది మిషనక్క, దారం కొరుకుతూ.

"పనంట!" అన్నాడు డ్రైవరు.

అత్త గుమ్మంలో కూర్చుని ఇదంతా చూస్తోంది. ఆమె ఎవరి పక్షమూ తీసుకోదు. ఎవరు ఓడిపోతారో చూడటం ఆమెకు సరదా. "కప్పలు వానొస్తే ఎగిరి గంతేస్తాయి. మీ కప్పేంట్రా, వానంటే చూరు కిందికి దూరుద్ది" అంది.

డ్రైవరు ఒక్కడే మళ్లీ బండిలో దూరాడు. ఈ పక్క కొక్కెం అదిమి, ఆ పక్క చెయ్యి చాచాడు. అందినట్టే అంది జారిపోయింది. మోకాలితో ఒకటి అదిమి చూశాడు. పంటితో టార్చి పట్టుకున్నాడు. మధ్యాహ్నం దాకా అదే. ఒకసారి మాత్రం పనంతా ఆపి, చాచిన ఆ చేతిని అలాగే ఉంచి, పక్క సీటు వైపు చూస్తూ కూర్చుండిపోయాడు. మిషనక్క వసారాలోంచి చూసింది. పిలుస్తాడేమో అనుకుంది. పిలవలేదు. కాలు మళ్లీ ఆడించింది గానీ కుట్టు వంకరగా పోయింది. విప్పుకుంది.

సాయంత్రానికి గాలి తిరిగింది. వీధిలో కాగితాలు లేచాయి. ఆమె కోట్లన్నీ గుట్టగా పోసి పైన ప్లాస్టిక్ పట్టా వేసింది. వసారాలో జల్లు కొడితే తెల్లగుడ్డ మీద మరకలే. నర్సు చెప్పిన వారం కూడా తోక చూపిస్తోంది. ఒక్క క్షణం, పోనీలే, పోయి పట్టుకుందామా అనిపించింది. లేచింది కూడా. పట్టా కొసల మీద రాయి పెట్టి, మళ్లీ కూర్చుంది.

షెడ్డు షట్టరు గరగరమని పూర్తిగా లేచింది.

డ్రైవరు బండి వెనక నిలబడి, రెండు చేతులూ ఆనించి తోస్తున్నాడు. ఇంజను పెట్టలేదు. వంకర అద్దం, అరచేయంత సందు, అలాగే కప్ప మెల్లగా వీధిలోకి పాకింది. గోడ వారకు ఆనించి హ్యాండ్ బ్రేకు వేశాడు. వచ్చి డ్రైవరు సీటులో కూర్చున్నాడు. పక్క తలుపు తెరిచి ఉంచాడు.

తొలి చినుకు బండి ముందు మూత మీద పడింది. రెండోది ఆయన మోకాలి మీద.

మిషనక్క వెళ్లి కూర్చుంది. కొక్కెం మీద వేలు పెట్టింది. ముందు ఇద్దరూ అద్దాన్ని వెనక్కి జరిపి వంకర తీశారు.

"ఇప్పుడు... కొంచెం. ఆగు."

ఆయన ఆగాడు.

"ఇప్పుడు."

అద్దం వెళ్లి ముందు అంచుకు తగిలింది. మెత్తటి చప్పుడు, పెట్టె మూత పడ్డట్టు. పైన చినుకులు టపటపమంటున్నాయి, లోపల ఒక్కటీ పడలేదు. ఇద్దరూ తలెత్తి చూశారు. తర్వాత ఆమె దిగి, చినుకుల్లోనే వసారాకి నడిచి, మిషను తలనెత్తుకుంది. బల్లని అత్త ఒక పక్క పట్టింది. "నన్ను పట్టుకోమనట్లేదుగా, నేనే పడుతున్నా" అంది. షెడ్డులో గ్రీజు వాసన, నేల మీద నూనె మరక. మరక మీద పాత గోనె పరిచి మిషను పెట్టింది. మూలన తాడు మీద తెర మళ్లీ వేలాడింది.

వాన ఊపందుకునే వేళకి నర్సు తల మీద సంచీ పెట్టుకుని పరుగున వచ్చి, వసారా ఖాళీగా ఉంటే కంగారుపడి, షెడ్డులో దీపం చూసి లోపలికి దూరింది.

"చోటొచ్చిందా అక్కా!"

"షట్టరు దించు. చేతులెత్తు."

నర్సు తెర వెనక చేతులు చాచి నిలబడింది. మిషనక్క టేపు ఛాతీ చుట్టూ తిప్పి కొస పట్టుకుంది.

బయట వానలో, బండిలోంచి డ్రైవరు గొంతు వచ్చింది. మోటారు బిగించాలి. ఒకరు పైకి ఎత్తి పట్టుకుంటే గానీ స్క్రూ ఎక్కదు.

"ఏమే! ఒకసారి వచ్చి ఇది పట్టుకో!"

టేపు వదల్లేదు. "పనిలో ఉన్నా" అని అరిచింది.

నర్సు ఊపిరి బిగబట్టింది. మోటారు ఎత్తి పట్టుకున్న చేతులు ఎంత పీకుతాయో మిషనక్కకి తెలుసు. ఎదురుచూసింది.

"సరే" అన్నాడు వానలోంచి. కాసేపటికి మళ్లీ, "అయ్యాకే రా."

"ఊపిరి వదులు, కొలత తప్పు వస్తుంది" అంది మిషనక్క నర్సుతో.